ఈజిప్టు పురావస్తువులు: ఒక ఎగుమతి పత్రం వెనుక చరిత్ర

బంగారు పూత పూసిన ఒక శవపేటికను న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం 2017లో 35 లక్షల యూరోలకు కొన్నది. క్రీ.పూ. 1వ శతాబ్దంలో నెజెమాంఖ్ అనే పూజారి కోసం చేసిన ఆ పేటికతో పాటు, అది 1971లో ఈజిప్టు ప్రభుత్వ అనుమతితోనే దేశం దాటిందని చెప్పే పత్రం కూడా వచ్చింది. నిజానికి 2011 నాటి ఈజిప్టు అలజడిలో అక్కడి మిన్యా ప్రాంతం నుంచి దొంగలు దాన్ని ఎత్తుకుపోయారు, పత్రం నకిలీది. 2019లో పేటిక ఈజిప్టుకు తిరిగి వెళ్లింది. అంత పెద్ద సంస్థ ఆ కాగితాన్ని ఎలా నమ్మిందన్న ప్రశ్నకు జవాబు, 1971లో అలాంటి పత్రాలను ఈజిప్టు నిజంగానే ఇచ్చేదన్న వాస్తవంలో ఉంది.

19వ శతాబ్దం మొదట్లో ఐరోపా దేశాల కాన్సుల్‌లే, అంటే ఆ దేశాల అధికార ప్రతినిధులే, ఈజిప్టులో పెద్ద సేకర్తలు. వారిలో ద్రోవెత్తి సేకరణ 1824లో ఇటలీలోని టురిన్‌కు చేరింది. పురావస్తువుల ఎగుమతిని నిషేధిస్తూ 1835లో ఈజిప్టు పాలకుడు మహమ్మద్ అలీ పాషా ఫర్మానా జారీ చేశాడు గానీ, పాలకులే దానికి కట్టుబడలేదు. కైరోలో కూడబెట్టిన వస్తువుల్లో మిగిలినవాటిని 1855లో సయీద్ పాషా ఆస్ట్రియా రాకుమారుడు మాక్సిమిలియన్‌కు కానుకగా ఇచ్చేశాడు. ఒక దేశం తన తొలి సేకరణను ఇలా పోగొట్టుకోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

1858లో ఫ్రెంచి పురావస్తు శాస్త్రవేత్త ఒగూస్త్ మారియెట్ ఆధ్వర్యంలో పురావస్తు శాఖ ఏర్పడ్డాక పద్ధతి మారింది. దొరికినవాటిలో వాటా ఇస్తామంటే తప్ప విదేశీ సంస్థలు తవ్వకాలకు డబ్బు పెట్టవు కాబట్టి, పంపకం ఆనవాయితీ అయింది. 1912 డిసెంబరులో ఈజిప్టులోని అమర్నాలో జర్మన్ పురావస్తు శాస్త్రవేత్త బోర్హార్ట్ బృందానికి దొరికిన నెఫెర్తితి రాణి శిరస్సు మరుసటి నెల జరిగిన పంపకంలోనే జర్మన్ల వాటాకు వెళ్లింది. ఆ పంపకం నిజాయితీగా జరిగిందా అన్న వివాదం నేటికీ తెగలేదు. 1922లో బయటపడిన ప్రాచీన ఈజిప్టు రాజు టూటన్‌ఖామున్ సమాధి సంపదను మాత్రం ఈజిప్టు వదులుకోలేదు.

పంపకం పక్కనే లైసెన్సు పొందిన దుకాణాలు నడిచేవి. కైరో మ్యూజియంలోనే అమ్మకాల గది ఉండేది, అది 1970ల చివరి దాకా సాగింది. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియంలో మనం చూసే మమ్మీ కూడా ఆ కాలపు కొనుగోళ్ల వల్లే, నిజాం కుటుంబం ద్వారా ఇక్కడికి వచ్చింది.

1983లో వచ్చిన 117వ నంబరు చట్టం ఈ వ్యాపారాన్ని పూర్తిగా మూసివేసి, పురావస్తువులు ప్రభుత్వ ఆస్తి అని ప్రకటించింది. అప్పటి నుంచి ఒక వస్తువు అంతకు ముందే దేశం దాటిందని చూపగలగడమే సేకర్తకు ప్రాణప్రదమైంది. దాంతో పాత తేదీలను పుట్టించేవారూ తయారయ్యారు. న్యూయార్క్ వర్తకుడు ఫ్రెడరిక్ షుల్ట్జ్, బ్రిటన్‌కు చెందిన టోక్లీ-ప్యారీ కలిసి 1920ల నాటిదంటూ ఒక లేని సేకరణనే కల్పించారు. ఆ సేకరణ పేరుతో వస్తువులకు అంటించే కొత్త చీటీలను టీ నీళ్లలో తడిపి పాతవిగా చేశారు. అసలు శిల్పాలకు ప్లాస్టిక్ పూత వేసి, పర్యాటకులు కొనే చౌక బొమ్మల్లా కనిపించేలా రంగులద్ది దేశం దాటించారు. 2002లో షుల్ట్జ్‌కు 33 నెలల జైలుశిక్ష పడింది. ఈజిప్టు చట్టం ప్రకారం ప్రభుత్వ సొత్తైనదాన్ని అమెరికాలోనూ దొంగసొత్తుగానే చూడవచ్చని ఆ కేసు తేల్చింది.

అయినా నిజమైన పాత అమ్మకాలు ఎన్నో జరిగాయి, వాటిలో చాలావాటికి రసీదు కూడా మిగల్లేదు. అందుకే కాగితం లేదన్నంత మాత్రాన సేకర్త దొంగ కాడు. కాగితం ఉన్నంత మాత్రాన వస్తువు సక్రమమైనదీ కాదు. 2019 జులైలో లండన్‌లో టూటన్‌ఖామున్ ముఖాన్ని పోలిన క్వార్ట్‌జైట్ రాతి శిరస్సును వేలానికి పెట్టినప్పుడు, అది దేశం దాటిన తీరుకు ఆధారాలు చూపాలని ఈజిప్టు కోరింది. 1960, 70ల నాటి యజమానుల పేర్లతో వేలం ముందుకు సాగి, శిరస్సు 47 లక్షల పౌండ్లకు పైగా అమ్ముడుపోయింది.