పార్క్‌గేట్‌ను సముద్రం విడిచిన కథ

వాయవ్య ఇంగ్లండ్‌లో డీ నది సముద్రంలో కలిసే మొగ దగ్గర హాయ్‌లేక్ అనే ఊరుంది. దాని తీరంలో మొలిచిన గడ్డిని తీసేయాలా, పెరగనివ్వాలా అన్న వివాదం కొన్నేళ్లుగా నలుగుతోంది. స్థానిక కౌన్సిల్ 2019లో కలుపుమందు చల్లడం మానేశాక పచ్చదనం ఇసుక మీద పరుచుకుంటూ వచ్చింది. తమ ఊరు కూడా మరో పార్క్‌గేట్ అయిపోతుందేమోనన్నది గడ్డి వద్దనేవారి భయం. ఆ భయం ఎక్కడిదో తెలియాలంటే, అదే మొగలో కాస్త ఎగువన ఉన్న ఆ చిన్న ఊరి గతంలోకి వెళ్లాలి.

పార్క్‌గేట్ వీధికి ఒక పక్క తెలుపు, నలుపు రంగుల పాత ఇళ్ల వరుస ఉంటే, మరో పక్క ఇసుకరాతి గోడ ఉంటుంది. అది ఒకప్పుడు ఓడలు ఆగిన రేవు గోడ. పడవలను నీటిలోకి దించే రాతి వాలు ఇప్పటికీ ఉంది, కానీ దాని మీదుగా దిగితే కాలికి తగిలేది గడ్డి. ఆ గడ్డి కనుచూపు మేర, ఎదుటి ఒడ్డునున్న వేల్స్ కొండల దిశగా సాగిపోతుంది.

నిజానికి ఈ ఊరిని నిలబెట్టిందీ, పడగొట్టిందీ ఒండ్రు మట్టే. నదికి ఎగువనున్న చెస్టర్ నగరంలో రోమన్ల కాలం నాటి రేవు మేట వేసి ఓడలు పైకి వెళ్లలేకపోవడంతో, 18వ శతాబ్దంలో ఐర్లండ్‌లోని డబ్లిన్‌కు వెళ్లే ఓడలు పార్క్‌గేట్ నుంచే బయలుదేరేవి. చెస్టర్ వ్యాపారాన్ని కాపాడాలని 1737లో నదికి కొత్త కాలువ తవ్వి ప్రవాహాన్ని వేల్స్ ఒడ్డు వైపు మళ్లించారు. దాంతో ఇటు పక్క నీటి ఒరవడి తగ్గి, మట్టి పేరుకోవడం మొదలైంది. 1815 ప్రాంతానికి డబ్లిన్ ఓడలు ఆగిపోయాయి.

అయినా ఊరు బతికింది. సముద్ర స్నానాలకు వచ్చేవారు కొంతకాలం ఆదుకున్నారు. ఆ తర్వాతి తరాలకు చిన్న రొయ్యలే జీవనాధారం. పట్టుకొచ్చిన రొయ్యలను ఇళ్లలోనే ఉడకబెట్టి అమ్మేవారు. ఊరి పేరు చెబితే ఆ రొయ్యలు గుర్తొచ్చేంతగా వాటికి పేరొచ్చింది.

ఇక 1928లో, మొగకు ఎగువన కానాస్ కీ దగ్గర బురదను గట్టిపరచడానికి స్పార్టినా అనే గడ్డిని నాటారు. అమెరికా నుంచి వచ్చి చేరిన గడ్డికీ, స్థానిక గడ్డికీ పుట్టిన సంకర జాతి అది. దాని కాడల మధ్య పోటు నీరు నెమ్మదించి, మోసుకొచ్చిన మట్టిని అక్కడే వదిలేస్తుంది. నేల ఎత్తు పెరిగిన కొద్దీ గడ్డి ముందుకు జరుగుతుంది. అలా ఇసుక తిన్నెలు పర్ర భూమిగా, అంటే పోటు నీరు వచ్చిపోయే గడ్డి నేలగా మారి, పడవలకు దారి మూసుకుపోయింది. పోటు నీటితో నిండే ఈతకొలను ఉన్న చోట ఇప్పుడు కార్లు నిలుపుతున్నారు.

పోయినదాని స్థానంలో వచ్చింది కూడా తక్కువేమీ కాదు. 1979లో పక్షి సంరక్షణ సంస్థ ఆర్‌ఎస్‌పీబీ ఈ పర్రలో పెద్ద భాగాన్ని కొనుగోలు చేసింది. ఏడాదిలో కొన్ని రోజులు మాత్రం భారీ పోటు గోడ దాకా వస్తుంది. గడ్డిలోని ఎలుకలు నీటికి బెదిరి బయటికి పరుగెడతాయి, వాటి కోసం గద్దలు, కొంగలు, గుడ్లగూబలు దిగుతాయి. చూడటానికి జనం గోడ వెంట బారులు తీరుతారు.

అందుకే పార్క్‌గేట్‌ను గడ్డి ఒక్కటే మింగేసిందనడం సగం నిజమే. గడ్డి నాటడానికి 191 ఏళ్ల ముందే, ఎగువ నగరం కోసం నదిని పక్కకు తిప్పారు. హాయ్‌లేక్ ఉన్నది మొగ చివర, సముద్రపు అలలకు ఎదురుగా. అక్కడి ఇసుక, నీటి కదలిక వేరు. అక్కడి గడ్డి గురించి తేల్చాల్సింది ఆ తీరాన్ని చూసే గానీ, పార్క్‌గేట్‌ను చూసి కాదు.