బకెట్టు చెప్పిన కరెంటు బిల్లు

ఒడిశాలోని బరంపురంలో మా చిన్నాన్నకు పట్టుచీరల దుకాణం ఉంది. కింది అంతస్తులో రెండేసి టన్నుల స్ప్లిట్ ఏసీలు ఆరు. పోయిన ఏడు ఆషాఢం చివర్లో వెళ్తే గల్లాపెట్టె దగ్గర రెండు నెలల కరెంటు బిల్లులు పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాడు.

"ఇది మే నెలది. మంచి ఎండలు, పెళ్లిళ్ల బేరాలు, దుకాణం నిండా జనం. ఇది ఆషాఢానిది. ఎండ లేదు, బేరం లేదు. రెండూ ఇంచుమించు ఒకటే! ఎలాగరా?"

మీటరులో తేడా ఉందేమోనని ఆయన అనుమానం. నాకు వేరే అనుమానం వచ్చింది. వెనక సందులోకి వెళ్లి, ఆరు ఏసీల నీళ్లూ కలిసి పడే పైపు కింద ఇరవై లీటర్ల బకెట్టు పెట్టి గడియారం చూసుకున్నాను. గంటా పది నిమిషాలకు బకెట్టు పొర్లింది. అంటే గంటకు 17 లీటర్లు.

ఆయన అడిగినదానికి జవాబు ఆ నీళ్లలోనే ఉంది. మట్టికుండ నీళ్లను ఎలా చల్లబరుస్తుందో మనందరికీ తెలుసు. కుండ పైకి ఊరిన నీరు ఆవిరైపోతూ వేడిని వెంట తీసుకుపోతుంది. బడిలో దీన్నే గుప్తోష్ణం అని చెప్పారు. ఏసీ లోపల ఇదే పని తిరగబడి జరుగుతుంది. గాలిలోని ఆవిరి చల్లటి కాయిల్‌కు తగిలి నీరైనప్పుడు, తనలో దాచుకున్న వేడినంతా అక్కడ వదిలేస్తుంది. ఆ వేడిని మోసుకెళ్లి బయట పారబోయాల్సింది ఏసీయే. ఒక లీటరు నీరు అలా దిగితే సుమారు 2450 కిలోజౌళ్ల వేడి. మన మీటరు భాషలో 0.68 యూనిట్లు (గంటపాటు ఒక కిలోవాటు నడిస్తే ఒక యూనిట్).

గంటకు 17 లీటర్లంటే దాదాపు 11.7 కిలోవాట్లు. ఒక టన్ను ఏసీ మోసేది 3.5 కిలోవాట్లు. (ఆ టన్ను ఐసు రోజుల నాటి కొలత. 907 కిలోల ఐసు ఒక పగలూ రాత్రీ కలిపి కరుగుతూ ఎంత వేడి పీల్చుకుంటుందో అంత.) భాగించి చూస్తే 3.3 టన్నులు. చిన్నాన్న ఆరు ఏసీల్లో ఒకటిన్నరకు పైగా దుకాణాన్ని చల్లబరచడం లేదు. తడిబట్ట పిండినట్టు గాలిని పిండుతున్నాయి, అంతే.

ఇంత నీరు ఎక్కడిది? మనుషుల నుంచి కొంత వస్తుంది. కూర్చునో, నెమ్మదిగా తిరుగుతోనో ఉన్న మనిషి ఊపిరిలోనూ చెమటలోనూ గంటకు 70 గ్రాముల వరకు నీటిని గాలిలో కలుపుతాడు. ఆ మధ్యాహ్నం దుకాణంలో ఉన్నది పన్నెండు మంది. వాళ్ల లెక్క లీటరు దాటదు. మిగిలిన 16 లీటర్లూ బయటి గాలితో లోపలికి నడిచొచ్చినవే.

బరంపురం నుంచి గోపాలపూర్ సముద్రం పదిహేను కిలోమీటర్ల దూరం. వానాకాలం మధ్యాహ్నం 32 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఇక్కడ మామూలు. అలాంటి గాలి ఒక్క ఘనపు మీటరు లోపలికి వచ్చి, దుకాణంలో ఉండాల్సిన 25 డిగ్రీలకు, 55 శాతం తేమకు దిగాలంటే దాని వేడి తగ్గించడానికి 8 కిలోజౌళ్లు చాలు. కానీ అందులోంచి 15 గ్రాముల నీటిని పిండాలి. అందుకు 37 కిలోజౌళ్లు! వేడి కంటే చెమ్మకు నాలుగు రెట్లకు పైగా ఖర్చు. ఎండ తగ్గినా బిల్లు తగ్గకపోవడానికి కారణం ఇదే. మే నెలలో ఏసీలు ఎండతోనూ జనంతోనూ తలపడ్డాయి, ఆషాఢంలో సముద్రంతో తలపడుతున్నాయి.

ఆ 16 లీటర్లను వెనక్కి లెక్క కడితే, గంటకు వెయ్యి ఘనపు మీటర్లకు పైగా బయటి గాలి లోపలికి వస్తోంది. ఎలా వస్తోందో వెతకడం కష్టం కాలేదు. ముందు అద్దాల తలుపుకు అడ్డంగా రాయి పెట్టి బార్లా తెరిచి ఉంచారు. తలుపు మూసి ఉంటే దుకాణం కట్టేశారనుకుని బేరం వెళ్లిపోతుందని చిన్నాన్న భయం. రెండోది వెనకాల మరుగుదొడ్డిలో ఎగ్జాస్ట్ ఫ్యాను. పొద్దున్న షట్టరు ఎత్తినప్పుడు వేస్తే రాత్రి షట్టరు దించేటప్పుడే ఆపేది.

ఈ రెండో దాని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఆ ఫ్యాను మహా అయితే 40 వాట్లు తింటుంది, బల్బు పాటి ఖర్చు. కానీ గంటకు 250 ఘనపు మీటర్ల గాలిని బయటికి నెట్టిందనుకుందాం. ఏసీ కష్టపడి చల్లబరిచి ఆరబెట్టిన గాలి అది. అంత గాలీ బయటికి పోతే, అంతే గాలి ఏదో ఒక సందులోంచి లోపలికి రాక తప్పదు. దానితోపాటు గంటకు దాదాపు నాలుగు లీటర్ల నీరు వస్తుంది. ఆ గాలిని మళ్లీ దారికి తేవడానికి దాదాపు ఒక టన్ను ఏసీ, అంటే ఇంచుమించు ఒక కిలోవాటు కరెంటు కావాలి. 40 వాట్ల ఫ్యాను వెనక కిలోవాటు ఖర్చు దాక్కుని ఉంది. హోటళ్ల వంటగదుల్లో పెద్ద ఎగ్జాస్టులుంటాయి. పక్కనే ఏసీ భోజనాల హాలు, మధ్యలో రెక్కల తలుపు. అక్కడి నష్టం ఇంకెంతో ఊహించుకోవచ్చు.

అసలు ఏసీ పుట్టిందే చెమ్మ కోసమని చాలామందికి తెలియదు. 1902లో అమెరికాలోని బ్రూక్లిన్‌లో ఒక ముద్రణాలయం ఉండేది. అక్కడ వేసవి చెమ్మకు కాగితం సాగి, ఒకదానిమీద ఒకటి అచ్చు వేసే రంగులు పక్కకు జరిగిపోయేవి. ఆ చెమ్మను అదుపు చేయడానికి విల్లిస్ క్యారియర్ గీసిన యంత్రమే నేటి ఏసీకి మూలం. పేరు కూడా చల్లదనం నుంచి వచ్చింది కాదు. 1906లో స్టువార్ట్ క్రామర్ అనే బట్టల మిల్లుల ఇంజనీరు, నూలుకు తగిన తేమ పట్టించడాన్ని మిల్లుల్లో 'కండిషనింగ్' అంటారు కాబట్టి, గాలికి చేసే పనికి 'ఎయిర్ కండిషనింగ్' అని పేరు పెట్టాడు.

ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు మా తాతయ్య గుంట మగ్గం గుర్తొచ్చింది. బరంపురం ఉన్న గంజాం జిల్లా 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. బరంపురం పట్టుకు పేరు తెచ్చినవాళ్లలో తెలుగు దేవాంగులు ముఖ్యులు. తాతయ్య నేలలో తవ్విన గుంటలో కాళ్లు దించుకుని కూర్చుని నేసేవాడు. పొడిగాలి వీచే రోజుల్లో పడుగు పోగులు టపటపా తెగేవి. నానమ్మ గుంట చుట్టూ నీళ్లు చిలకరించి తడి గోనె పరిచేది. పట్టుకు తేమ ప్రాణం. ఎండబెట్టిన వంద గ్రాముల పట్టు మామూలు గాలిలో 11 గ్రాముల నీరు పట్టుకుని ఉంటుందని వ్యాపారంలో లెక్క. తేమ పెరిగితే మూడో వంతు బరువు దాకా తాగినా చేతికి తడి తెలియదు. అందుకే 19వ శతాబ్దం మొదట్లోనే ఫ్రాన్స్‌లోని లియాన్ పట్టణంలో పట్టు తేమను కొలిచి బరువు నిర్ణయించడానికి ప్రత్యేకంగా ఒక సంస్థ పెట్టారు, నీళ్లను పట్టు ధరకు అమ్మకుండా. తాతయ్యకు తేమ కావాల్సి వచ్చింది. కొడుకు దుకాణంలో అదే తేమ ఎక్కువై చీరల మడతల్లో బూజు పట్టిస్తుంది. రెండు తరాల మధ్య సమస్య తిరగబడింది గానీ సరుకు మాత్రం ఒకటే.

ఊరు మారితే మందు మారుతుంది. మా మేనత్త కుటుంబం మహారాష్ట్ర వైపు, చంద్రపూర్ జిల్లా బల్లార్పూర్‌లో ఉంటుంది. అక్కడ మే నెలలో 45 డిగ్రీలు మామూలు, తేమ మాత్రం 15 శాతం దగ్గర తిరుగుతుంది. ఆ గాలిని తడి తడికె గుండా పంపితే 28 డిగ్రీలకు దిగిపోతుంది. అక్కడి దుకాణాలకు కూలరే సరైన సాధనం, ఏసీ కరెంటులో పదో వంతు కూడా ఖర్చు కాదు. అత్తయ్య కొడుకు బరంపురం మకాం మార్చినప్పుడు అదే కూలరు లారీలో వేసుకొచ్చాడు. ఇక్కడి 32 డిగ్రీల, 80 శాతం గాలి అందులోంచి వచ్చినా 29 కంటే పెద్దగా దిగదు, పైగా మరింత తడిసి వస్తుంది. వారం తిరిగేసరికి గోడలకు బూజు. కరెంటు ఆదా సలహాలు ఊరి గాలిని బట్టి చెప్పాలనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఏసీని 24 దగ్గర పెట్టండి అనే సలహానూ ఇలాగే చూడాలి. ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ చెబుతుంది. 2020 జనవరి 1 నుంచి స్టార్ గుర్తున్న గది ఏసీలన్నీ స్విచ్చి వేయగానే 24 దగ్గర మొదలవ్వాలని నియమం కూడా వచ్చింది. మంచి నియమం. కానీ చిన్నాన్న దుకాణంలో పనివాళ్లు వెంటనే 18కి దించేసేవాళ్లు. వాళ్లది తప్పనలేను. గాలి చెమ్మగా ఉంటే చెమట ఆరదు, చెమట ఆరకపోతే 24లోనూ ఒళ్లు జిడ్డుగా ఉక్కపోస్తుంది. 18కి దించితే చలి వేస్తుంది గానీ ఉక్క పోదు. ముందు చెమ్మ వచ్చే దారి మూయాలి, ఆ తర్వాత రిమోటు ముట్టుకోవాలి. ఈ వరస తప్పితే ఎంత మంచి సలహా అయినా రెండు రోజుల్లో అటకెక్కుతుంది.

చెమ్మను పెంచే మరో పొరపాటు అవసరాన్ని మించిన ఏసీ కొనడం. గోపాలపూర్ లాడ్జీల్లో రాత్రి పక్క మీద వాలితే దుప్పటి చల్లగా, తడిగా తగలడం చాలామందికి అనుభవమే. చిన్న గదికి పెద్ద పాత రకం ఏసీ పెడితే అయిదు నిమిషాల్లో వేడి దించి ఆగిపోతుంది. చెమ్మ పిండడానికి కాయిల్ చాలాసేపు చల్లగా ఉండాలి, ఆ వ్యవధి దానికి దొరకదు. ఆగాక కూడా లోపలి ఫ్యాను తిరుగుతూనే ఉంటే, కాయిల్‌కు పట్టిన నీరు మళ్లీ గదిలోకే ఆవిరవుతుంది. ఆ లాడ్జీలవాళ్లకు ఇంకో మాట. స్నానాల నీళ్లకు గీజర్లు, గదులకు ఏసీలు, రెండిటికీ కరెంటు కడుతున్నారు. ఏసీ బయట పారబోసే వేడితోనే నీళ్లు కాచే పరికరాలున్నాయి, మన దగ్గర వేడి అవసరం పడేది అక్కడే. ఉప్పుగాలికి బయటి యూనిట్ రేకులు తినేసి పోతుంటాయి. నెలకోసారి మంచినీళ్లతో కడిగితే అవి ఎక్కువ కాలం నిలుస్తాయి.

చిన్నాన్న దుకాణంలో మేం చేసినవి చిన్న పనులే. తలుపుకు తనంతట తాను మూసుకునే క్లోజరు పెట్టించాం, అద్దం మీద 'రండి, తెరిచే ఉంది' అని తెలుగులోనూ ఒడియాలోనూ రాయించాం. మరుగుదొడ్డి ఫ్యానును లైటుతో కలిపి పది నిమిషాల టైమరుకు కట్టాం. ఏసీల లోపలి ఫ్యానులు ఆటోలో పెట్టాం. సీలింగు ఫ్యానులు తిప్పి ఏసీలను 25కి పెంచాం. వారం తర్వాత అలాంటి మబ్బు మధ్యాహ్నమే చూసి మళ్లీ బకెట్టు పెట్టాను. నిండడానికి రెండున్నర గంటలు పట్టింది. ఇప్పుడు మామూలు రోజుల్లో ఆరింటిలో రెండు ఏసీలు వేయడమే లేదు.

తలుపులు అలా బిగిస్తే లోపలివాళ్లకు గాలి ఎలా అని పిన్ని అడిగింది. అడగాల్సిన ప్రశ్న. మనిషికి గంటకు 30 ఘనపు మీటర్ల తాజా గాలి చొప్పున లెక్క వేసినా పన్నెండు మందికి 360 చాలు. మునుపు దానికి మూడింతలు వచ్చేది. కానీ దసరాకో ఠాకురాణి జాతరకో అరవై మంది నిండితే 1800 కావాలి. గాలి మనుషుల సంఖ్యను బట్టి రావాలి, తలుపు దగ్గర రాయిని బట్టి కాదు. అందుకని కార్బన్ డయాక్సైడ్ కొలిచే చిన్న పరికరం గల్లా దగ్గర పెట్టాం. బయటి గాలిలో అది పది లక్షల పాళ్లకు 420 పైచిలుకు ఉంటుంది. లోపల వెయ్యి దాటితే తాజా గాలి ఫ్యాను వేయాలని పనివాళ్లకు చెప్పాం. పెద్ద ఆసుపత్రులు, సినిమా హాళ్లయితే పోయే చల్లగాలితో వచ్చే తడిగాలిని ఆరబెట్టే యంత్రాలు పెట్టుకోవచ్చు. వాణిజ్య భవనాల ఇంధన నియమావళి 2007లోనే వచ్చింది గానీ అది 100 కిలోవాట్ల లోడు దాటిన భవనాల కోసం. మన బజారు దుకాణాలు దాని కిందికి రావు. బకెట్టు పెట్టుకుని ఎవరికి వారు చూసుకోవాల్సిందే.

పై అంతస్తు పని ఇంకా మిగిలి ఉంది. అక్కడ పడమటి గోడ సగం అద్దం. సాయంత్రం నాలుగింటికి ఎదురెండలో ఒక్కో చదరపు మీటరు అద్దం అయిదారు వందల వాట్ల వేడిని లోపలికి వదులుతుంది. లోపల తెర వేస్తే లాభం తక్కువ, వేడి అప్పటికే అద్దం దాటి వచ్చేసి ఉంటుంది. ఆపడం బయటే ఆపాలి. ఈ వేడి బకెట్టులో కనబడదు కాబట్టి చిన్నాన్న మొదట నమ్మలేదు. అద్దం వైపు అరలో పెట్టిన మెరూన్ చీర మడత విప్పి చూపించాను. ఎండ తగిలిన అంచు వెలిసి, లోపలి మడత ముదురుగా ఉంది. మర్నాడే వెదురు తడకలకు కొలతలు ఇచ్చాడు.