ఆడపిల్లకి ‘నాగావళి’ అని పేరు పెట్టొచ్చా? అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో బారసాలలు చేయించడం నా వృత్తి. గోదావరి, కృష్ణవేణి, కావేరి, యమున అనే ఆడపిల్లలు ఇక్కడ ఏ వీధిలో అడిగినా కనిపిస్తారు. మన రాయగడని ఒరుసుకుని పారే నాగావళి నది పేరు మాత్రం ఆడపిల్లలకి చాలా అరుదు. పెడదామని ముచ్చటపడి వచ్చిన తల్లిదండ్రులు కూడా నలుగురి మాటలు విని వెనక్కి తగ్గుతారు. నాకు ఆ పేరంటే ఇష్టం. ఆ నలుగురి మాటల్లో ఎంత నిజముందో ఒకచోట చెప్పాలని ఇది రాస్తున్నాను.

అపోహ: నది పేరు ఆడపిల్లకి పెట్టడం శాస్త్రానికి విరుద్ధం.

వాస్తవం: ఇది గాలిమాట అని కొట్టిపారేయను, దీనికి ఆధారమంటూ ఒకటుంది. మనుస్మృతి మూడో అధ్యాయం తొమ్మిదో శ్లోకంలో నక్షత్రం, చెట్టు, నది, కొండ, పక్షి, పాము పేర్లున్న కన్యని పెళ్లాడవద్దని ఉంది. నది పేరు, పైగా అందులో ‘నాగ’ శబ్దం. నాగావళికి రెండు అభ్యంతరాలూ వర్తిస్తాయని పెద్దలు అంటారు.

అయితే ఆ శ్లోకం పెళ్లి సంబంధం చూసుకునేవాడికి చెప్పినది. పేరు ఎలా పెట్టాలో చెప్పేది రెండో అధ్యాయం. అక్కడ 33వ శ్లోకంలో ఆడపిల్ల పేరు నోటికి తేలిగ్గా, కటువుగా లేకుండా, అర్థం తేటగా, వినసొంపుగా, శుభప్రదంగా, చివర దీర్ఘంతో, దీవెనలా ఉండాలన్నారు. నది పేరు వద్దని అందులో లేదు. సంస్కృతంలో ‘నాగావలీ’ అని చివర దీర్ఘమే వస్తుంది.

“మరి రేపు పెళ్లి కాకపోతేనో, పంతులుగారూ?” అని నాన్నమ్మలు అడుగుతారు. వాళ్ల భయం పిల్ల మీద ప్రేమ కొద్దీ వచ్చిందే కాబట్టి దానికి నెమ్మదిగా జవాబు చెప్పాలి. నేను వాళ్లకి బలరాముడి ఇంటిని చూపిస్తాను. ఆయన తల్లి రోహిణి, నక్షత్రం పేరు. భార్య రేవతి, అదీ నక్షత్రమే. తమ్ముడు కృష్ణుడి అష్టమహిషుల్లో ఒకరు కాళింది, అంటే సాక్షాత్తూ యమునా నది. మనం రోజూ దణ్ణం పెట్టుకునే ఇంట్లోనే ఈ పేర్లున్నాయి. పెళ్లిలో కొత్త దంపతులకి చూపించే అరుంధతి కూడా నక్షత్రమే. తులసి అని మొక్క పేరున్న అమ్మాయిలకి మన ఊళ్లలో పెళ్లిళ్లు కావడం లేదా?

బలరాముణ్ణే ఎందుకు ఎత్తుకున్నానంటే, నాగావళి కథ ఆయనదే. నీళ్లు లేక జనం అల్లాడుతుంటే బలరాముడు తన నాగలితో నేల చీల్చి ఈ నదిని తెచ్చాడని మన ప్రాంతంలో చెప్పుకుంటారు. నాగలిని సంస్కృతంలో లాంగలం అంటారు. నదికి లాంగుల్య అనే రెండో పేరు అలా వచ్చిందంటారు. ఈ ఒడ్డున ఆయన ప్రతిష్ఠించినవిగా చెప్పే శివాలయాలు ఐదు: మన రాయగడ జిల్లా పాయకపాడులో పాతాళేశ్వరుడు, గుంపలో సోమేశ్వరుడు, సంగాంలో సంగమేశ్వరుడు, శ్రీకాకుళంలో ఉమారుద్ర కోటేశ్వరుడు, కళ్లేపల్లిలో మణినాగేశ్వరుడు. శివరాత్రికి అటు శ్రీకాకుళం చుట్టాలు ఒక గుడికి, మనం ఇంకో గుడికి వెళ్తాం, నది మాత్రం ఒక్కటే.

అపోహ: నాగావళి అంటే సినిమాలో దయ్యం పేరు.

వాస్తవం: ఆ పాత్ర పేరు నాగవల్లి. అదీ మంచి మాటే. నాగవల్లి అంటే తమలపాకు తీగ. పూజలో తాంబూలం సమర్పించేటప్పుడు ‘నాగవల్లీదళైర్యుతం’ అని ప్రతి ఇంట్లోనూ చదువుతాం. నాగావళి వేరు. నాగ, ఆవళి కలిసి సవర్ణదీర్ఘ సంధిలో నాగావళి అయింది. ఆవళి అంటే వరుస, దీపావళిలో ఉన్నది అదే. నాగ శబ్దానికి పాము అనే కాదు, ఏనుగు అనీ అర్థముంది. కొండల నడుమ మెలికలు తిరుగుతూ దిగే ఏటిని చూసినవాళ్లకి నాగుల వరుస అనే తోస్తుంది. నాగలి నుంచే నాగావళి వచ్చిందని కొందరు పెద్దలు చెబుతారు. కథగా అది బాగుంటుంది, కానీ వ్యాకరణం సంధివైపే ఉంది.

‘నాగ’ అని వస్తే దోషముందనో, మొక్కు ఉంటేనే పెట్టాలనో అనుకోవడమూ ఇలాంటిదే. నాగమణి, నాగలక్ష్మి, నాగరత్నం మన ఇళ్లలో తరాలుగా ఉన్నాయి. పుట్టలో పాలు పోసి మొక్కుకున్నాక పుట్టిన పిల్లలకి ‘నాగ’ కలిపే ఆనవాయితీ ఉంది. మొక్కు లేనివాళ్లు కలపకూడదని మాత్రం ఎక్కడా లేదు.

అపోహ: నది పేరు పెడితే నీటిగండం.

వాస్తవం: 2017 జులైలో నాగావళి, కల్యాణి ఒక్కసారి పొంగి తెరువలి, సింగపూర్ రోడ్ స్టేషన్ల మధ్య రైలు వంతెనలు కొట్టుకుపోయినప్పటి నుంచి ఈ మాట ఎక్కువగా వింటున్నాను. ఆ నీటిని చూసినవాళ్లకి భయం సహజం. కానీ బారసాల తంతునే గమనించండి. పురిటిస్నానమయ్యాక బాలింతని నూతి దగ్గరికి తీసుకువెళ్లి, గట్టుకి పసుపు రాయించి, కుంకుమ పెట్టించి, చేదతో నీళ్లు తోడిస్తాం. నుయ్యి లేని ఇళ్లలో కుళాయి దగ్గరో బోరింగు దగ్గరో ఆ పసుపుకుంకాలే పెడతాం. పిల్ల పుట్టిన ఇంట్లో మొదటి మొక్కు గంగమ్మకే. గంగ, యమున, గోదావరి పేర్లున్నవాళ్లందరికీ లేని గండం ఈ ఒక్క పేరుకి ఎక్కడి నుంచి వస్తుంది?

అపోహ: పిల్ల నక్షత్రానికి వచ్చిన అక్షరంతోనే పిలుపు పేరు ఉండాలి.

వాస్తవం: నక్షత్రానికి నాలుగు పాదాలు, పాదానికో అక్షరం. అనూరాధకి నా, ని, ను, నే. అంటే అనూరాధ మొదటి పాదంలో పుట్టిన పిల్లకి నాగావళి జన్మనామంగానే సరిపోతుంది. మిగతా నక్షత్రాల పిల్లలకి జన్మనామం ఒకటి విడిగా పెట్టి, వ్యవహారనామంగా నాగావళి పెట్టుకోవచ్చు. పళ్లెంలో బియ్యం పరిచి తండ్రి చేత ఉంగరంతో రాయించేటప్పుడు నేను రెండూ వేరువేరు వరుసల్లో రాయిస్తాను. పై వరుసలో జన్మనామం, కింద పిలిచే పేరు. బియ్యం గింజలు జారి ‘ళి’ మీది గుడి చెరిగిపోతే మళ్లీ రాయమంటాను, పిల్ల పేరు మొదటిసారి రాసేది అక్కడే కాబట్టి.

రెండు అక్షరాలా, మూడా, నాలుగా అన్నది ఇంకో ప్రశ్న. ఇంట్లో చేసే సంస్కారాల పద్ధతి చెప్పే పాత గ్రంథాలు గృహ్యసూత్రాలు. వాటిలో ఆపస్తంబ గృహ్యసూత్రం ఆడపిల్లకి బేసి అక్షరాల పేరు చెప్పింది. పారస్కర గృహ్యసూత్రం కూడా బేసి అక్షరాలే అంటుంది, చివర ‘ఆ’కారం ఉండాలనీ అంటుంది. నాగావళి నాలుగక్షరాలు. సరస్వతీ నాలుగే, అరుంధతీ నాలుగే, సీత రెండే. ఈ నియమం పట్టుకుని పేరు మానుకునేవాళ్లు ముందు ఆ పేర్లు మానుకోవాలి.

అపోహ: పేరు పంతులుగారే నిర్ణయించాలి.

వాస్తవం: కాదు. ఆపస్తంబ సూత్రంలో పేరు పెట్టేది తండ్రి, తల్లి అని స్పష్టంగా ఉంది. మా పని ముహూర్తం చూడటం, మంత్రం చెప్పడం, అడిగితే అర్థం చెప్పడం. తల్లి మనసులో ఒక పేరు పెట్టుకుని, అత్తగారికీ నాకూ జంకి నోరు విప్పకుండా కూర్చోవడం చాలా ఇళ్లలో చూస్తాను. నేను ముందు ఆ అమ్మనే అడుగుతాను. అడగని పంతులుగారు వస్తే, అమ్మా, మీరే ముందుకొచ్చి చెప్పండి. సూత్రం మీవైపే ఉంది.

అపోహ: అక్షరాల లెక్క కుదరకపోతే పేరు కలిసిరాదు.

వాస్తవం: ఈ లెక్క, అంటే న్యూమరాలజీ, ఇంగ్లీషు అక్షరాలకి ఒక్కో అంకె వేసి కట్టేది. మన గృహ్యసూత్రాలకీ దీనికీ సంబంధం లేదు. ఇందులోనూ పద్ధతులు రెండు మూడున్నాయి. నాగావళిని ఇంగ్లీషులో ఎనిమిది అక్షరాలతో రాసి కల్దియన్ పద్ధతిలో కూడితే 21, అంటే 3 వస్తుంది. పైథాగరస్ పద్ధతిలో అదే పేరుకి 31, అంటే 4. అదే పిల్ల, అదే పేరు. లెక్క కోసం ఒక ‘ఎ’యో ఒక ‘హెచ్’చో అదనంగా తగిలిస్తే అదృష్టం మాట ఎలా ఉన్నా, రేపు ఆధార్‌లో ఒకలా, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంకోలా పడి పిల్ల తిప్పలు పడుతుంది. ఈ ఒక్క విషయంలో నేను గట్టిగానే వద్దంటాను.

అపోహ: ఒడియావాళ్ల నోట్లో ఈ పేరు పాడైపోతుంది.

వాస్తవం: తెలుగు ఇళ్లలో నాగావళిని వద్దనడానికి చెప్పే అసలు కారణం చాలాసార్లు ఇదే. ఒడియాలో మన ‘వ’ చాలా మాటల్లో ‘బ’ అవుతుంది. నది పేరు వాళ్లు నాగాబళి అంటారు. చివర ‘బలి’ వినపడి మనవాళ్లు ఉలిక్కిపడతారు. కానీ ఒడియా చెవికి అందులో బలి వినపడదు, వరుసే వినపడుతుంది. వాళ్లు దీపావళిని దీపాబళి అంటారు, ఆ పండగ పేరులో ఎవరికీ బలి తోచదు కదా. ‘ళ’ ఒడియాలోనూ ఉంది కాబట్టి ఉత్తరాదివాళ్లలా ‘లి’ అని తేల్చేయరు, నిండుగా పలుకుతారు. నది ఒడిశాలోనే పుట్టింది కూడా. కలహండి జిల్లా థువాముల్ రాంపూర్ కొండల్లో మొదలై దాదాపు 256 కిలోమీటర్లు పారి కళ్లేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తుంది. దారిలో ఎక్కువ భాగం ఈ రాష్ట్రంలోనే. బడిలో పక్క బెంచీ ఒడియా పిల్లకి అర్థం చెప్పక్కర్లేని తెలుగు పేర్లు ఎన్నుంటాయి? 1936లో ఒడిశా ఏర్పడేదాకా మనం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాం. గీతలు మారినా రెండు భాషలవాళ్లమూ ఈ నీళ్లే తాగాం. అందుకే ఈ పేరు మన ప్రాంతానికి ఇంత బాగా నప్పుతుందని నేననుకుంటాను.

జాగ్రత్త పడాల్సింది కాగితాల దగ్గర. తెలిసినవాళ్ల అమ్మాయి వైష్ణవి. జనన పత్రంలో ఆమె పేరు బైష్ణబి అని పడింది. రాసినాయన తప్పు రాయలేదు, ఒడియాలో అలాగే రాస్తారు. ఆ ఒడియా రూపం చూసి ఇంగ్లీషులో ‘బి’ కొట్టారు. బడిలో చేర్చేటప్పుడు తండ్రి నోటితో చెప్పినట్టు ‘వి’ రాశారు. ఇప్పుడు ఆమెకి రెండు పేర్లు, ప్రతి దరఖాస్తుకీ ఒక అఫిడవిట్. నాగావళికీ ఇది తప్పకుండా ఎదురవుతుంది. కాబట్టి దరఖాస్తులో ఇంగ్లీషు అక్షరాలు మీరే పెద్దక్షరాల్లో రాసి ఇవ్వండి. ఒడియా గడిలో ‘బ’ ఉన్నా పర్వాలేదు, ఇంగ్లీషు గడిలో ‘వి’ ఉందో లేదో సంతకం పెట్టేముందే చూసుకోండి.

ఇంటిపేరు కూడా అంతే. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఇక్కడి ఫారాల్లో అది చివరి గడిలో రావాలి. మొదటి గడిలో ఇంటిపేరు పడితే బడి హాజరుపట్టీలో పిల్లని ఇంటిపేరుతోనే పిలుస్తారు.

అపోహ: పేరు ఖాయం కాకపోతే జననం నమోదు చేయించలేం. పదకొండో రోజు దాటితే బారసాల పనికిరాదు.

వాస్తవం: రెండూ తప్పే. మనువే పదో రోజు, పన్నెండో రోజు, లేదా ఆ తర్వాత మంచి తిథి, నక్షత్రం చూసి పెట్టమన్నాడు. ఇక్కడ చాలా తెలుగు ఇళ్లు ఇరవై ఒకటో రోజు చేసుకుంటాయి. ఒడియావాళ్ల నామకరణ వేడుక ఏకొఇశియా కూడా ఆ రోజే కాబట్టి ఇరుగుపొరుగు అందరూ కలిసి వస్తారు.

నమోదు సంగతికి వస్తే, 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం పుట్టిన 21 రోజుల్లోపు జననం తెలియజేయాలి. ఆ పూటకి పేరు లేకపోయినా నమోదు చేస్తారు. తర్వాత 12 నెలల్లోపు రుసుము లేకుండా పేరు చేర్పించుకోవచ్చు. అది దాటితే 15 ఏళ్లదాకా ఆలస్య రుసుముతో చేర్చుతారు. ఒకసారి చేరిన పేరు మార్చడం మాత్రం చాలా కష్టం. 2023 అక్టోబర్ 1 తర్వాత పుట్టిన పిల్లలకి బడి ప్రవేశం, ఓటు, పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు లాంటి వాటన్నిటికీ పుట్టిన తేదీ రుజువుగా ఈ పత్రమే చూస్తారు. కాబట్టి పేరు మీద ఇంట్లో మాట కుదరకపోతే తొందరపడి ఏదో ఒకటి రాయించకండి. జననం వెంటనే నమోదు చేయించి పేరు గడి ఖాళీగా ఉంచండి. బారసాల కానివ్వండి, కొన్నాళ్లు ఆ పేరుతో పిల్లని పిలవండి, పొరుగు ఒడియా వదినగారి చేత కూడా పిలిపించి వినండి. రెండు నోళ్లలోనూ నచ్చిందనుకున్నాక అక్షరాలు కాగితం మీద రాసి తీసుకెళ్లి ఆ ఏడాదిలోపే చేర్పించండి.