ఆటల క్లబ్బులో మద్యం, గంజాయి పాలసీ గొడవ: తప్పు దారి ఎక్కడ పట్టింది?

మళ్లీ అదే గొడవ. సీజన్ మొదలవుతుండగా ఎవరో తాగి గ్రౌండ్‌లోకి దిగారనో, డ్రెస్సింగ్ రూమ్‌లో గంజాయి వాసన వచ్చిందనో మాట పొక్కుతుంది, కమిటీ హడావిడిగా కూర్చుంటుంది, "మనకూ ఒక పాలసీ ఉండాలి" అని ఎవరో అంటారు, రెండ్రోజుల్లో ఒక డ్రాఫ్ట్ వాట్సాప్‌లో తిరుగుతుంది. చదివితే అందులో సగం పెద్ద పోటీల డోపింగ్ నిబంధనల నుంచి దింపిందే. చెప్పకుండా టెస్టులు, పాజిటివ్ వస్తే సస్పెన్షన్, రెండోసారి అయితే సభ్యత్వం రద్దు. ఆ వెంటనే క్లబ్బు రెండు ముక్కలవుతుంది.

కండలు పెంచే ఇంజెక్షన్లు, సైకిల్ రేసుల కథలు అందరూ విన్నవే, వాటి జోలికి పోను. ఇవాళ్టి గొడవ అర్థం కావాలంటే 1998 ఫిబ్రవరిలో జపాన్‌లోని నగానో చూడాలి.

స్నోబోర్డింగ్ ఒలింపిక్స్‌లోకి వచ్చింది ఆ ఏడాదే. జెయింట్ స్లాలమ్‌లో కెనడా కుర్రాడు రాస్ రెబగ్లియాటి స్వర్ణం గెలిచాడు, తర్వాత మూత్ర పరీక్షలో గంజాయి ఆనవాళ్లు దొరికాయి. మిల్లీలీటరుకు 17.8 నానోగ్రాములు, స్కీ సమాఖ్య పెట్టుకున్న హద్దు 15. తాను తాగలేదని, స్నేహితులు తాగుతుంటే ఆ పొగ పీల్చానని అతను చెప్పాడు. ఒలింపిక్ కమిటీ పతకం తీసేసుకుంది. క్రీడా వివాదాల కోర్టు కొద్ది రోజుల్లోనే వెనక్కి ఇప్పించింది. గంజాయి మంచిదని కాదు, సమాజానికి అది సమస్యేనని కోర్టు కూడా ఒప్పుకుంది. కాకపోతే దాన్ని డోపింగ్‌గా లెక్కగట్టడానికి ఒలింపిక్ కమిటీకీ స్కీ సమాఖ్యకూ మధ్య ఉండాల్సిన ఒప్పందం లేదు. ముందు రాసుకోని రూల్‌తో శిక్ష వేయడం కుదరదు, అంతే.

నన్నడిగితే మలుపు ఇక్కడే ఉంది. ఆ తీర్పు తర్వాత పెద్దలు "రూల్ లేదు కాబట్టి దెబ్బతిన్నాం, రాసేద్దాం" అనుకున్నారు. అసలు ఇది డోపింగ్ రూల్‌లో ఉండాల్సిన సంగతేనా అన్న ప్రశ్న పక్కకు పోయింది. 1999లో వాడా (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) పుట్టింది, 2004లో దాని కోడ్ అమల్లోకి వచ్చింది. ఒక పదార్థాన్ని నిషేధించాలంటే మూడు కొలతల్లో రెండు సరిపోతాయి: ఆట మెరుగవుతుందా, ఆరోగ్యానికి ముప్పా, క్రీడా స్ఫూర్తికి విరుద్ధమా. ఆ మూడోది ఎంత లాగితే అంత సాగుతుంది. దాంతో మోసం చేసి గెలవడం, శనివారం రాత్రి స్నేహితులతో ఒక దమ్ము లాగడం, రెండూ ఒకే పుస్తకంలో పక్కపక్కన చేరాయి. క్లబ్బు డ్రాఫ్టులు రాసేవాళ్లు తెరిచేది ఆ పుస్తకాన్నే.

మద్యం సంగతి ఇంకా తమాషా. ఒలింపిక్స్‌లో డోపింగ్ కింద మొదట వేటు పడింది బీరు వల్లే. 1968, మెక్సికో సిటీ, స్వీడన్ పెంటాథ్లాన్ (షూటింగ్‌తో సహా ఐదు ఆటలు కలిసిన పోటీ) ఆటగాడు హాన్స్-గున్నార్ లిల్యెన్‌వాల్. పిస్టల్ షూటింగ్‌కు ముందు టెన్షన్ తగ్గడానికి రెండు బీర్లు తాగానన్నాడు, జట్టు కాంస్యం పోయింది. గురి చూసి కాల్చే ఆటలో చెయ్యి వణక్కపోతే లాభమే కాబట్టి దాన్ని డోపింగ్ అన్నా అర్థముంది. అదే మద్యాన్ని 2018 నుంచి వాడా తన జాబితాలోంచి పూర్తిగా తీసేసింది. అప్పటికి అది విలువిద్య, కారు రేసులు, మోటారు పడవ రేసులు, గాలిలో ఆడే ఆటలు, ఈ నాలుగింటికే మిగిలి ఉండేది, అక్కడ కూడా మీరే చూసుకోండని ఆయా సమాఖ్యలకు వదిలేసింది. కాబట్టి మీ డ్రాఫ్ట్‌లో "వాడా నిబంధనల ప్రకారం మద్యం నిషిద్ధం" అన్న వాక్యం ఉంటే ఇవాళే కొట్టేయండి.

గంజాయి విషయంలోనూ అక్కడ పట్టు కొంత సడలింది. 2013లో హద్దును 15 నుంచి 150 నానోగ్రాములకు పెంచారు. 2021 కోడ్‌లో ఇంకో పెద్ద మార్పు వచ్చింది. కొకైన్, హెరాయిన్, ఎండీఎంఏ, గంజాయిలో మత్తెక్కించే టీహెచ్‌సీ లాంటివాటిని పోటీ సమయంలో కాక బయట వాడానని, ఆటకు దానితో సంబంధం లేదని ఆటగాడు చూపిస్తే శిక్ష మూడు నెలలు, చికిత్స కార్యక్రమం పూర్తి చేస్తే ఒక నెలే. అమెరికా స్ప్రింటర్ షాకారీ రిచర్డ్‌సన్‌కు ఆ ఏడాది పడింది ఆ ఒక్క నెలే, కానీ ఒలింపిక్ ఎంపిక పోటీల్లో 100 మీటర్ల గెలుపు రద్దయి టోక్యోలో ఆ పరుగు పోయింది. కాలక్షేపానికి ఆడేవాళ్లకైతే డోపింగ్ తప్పులోనూ వట్టి మందలింపుతో వదిలే వీలు, పేరు బయటపెట్టకుండా ఉండే వీలు ఆ కోడే ఇచ్చింది. మరి వారానికోసారి ఆడే మనిషిని మొదటి పాజిటివ్‌కే సీజనంతా కూర్చోబెట్టాలన్న క్లబ్బు డ్రాఫ్ట్, తాను చూసి రాసుకున్న పుస్తకం కన్నా కఠినంగా ఉన్నట్టేగా!

టెస్టులు పెట్టాలనేవాళ్ల మాటా వినాలి. పిల్లలు ఆడే చోటు, తాగి దిగినవాడు ఎదుటివాడి మోకాలు విరగ్గొడితే బాధ్యత ఎవరిది అంటారు. ఆ భయం నిజమే. దానికి టెస్టు ఎందుకు? తూలుతున్న మనిషిని గ్రౌండ్‌లోకి దిగకుండా ఆపే అధికారం కోచ్‌కు ఇస్తే చాలు. మూత్ర పరీక్ష చెప్పేది అది కాదు. రోజూ గంజాయి తాగేవాడికి మానేసిన వారాల తర్వాత కూడా ఆనవాళ్లు ఉంటాయి, అప్పుడతను మత్తులో ఉన్నాడని ఆ కాగితం చెప్పదు. పైగా నమూనాను రెండు భాగాలు చేసి సీలు వేయాలి, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో రాయాలి, గుర్తింపు ఉన్న ల్యాబ్‌కు పంపాలి, డాక్టరు రాసిచ్చిన మందుల గురించి ముందే అడగాలి. వీటిలో ఒక్కటి తప్పినా రెబగ్లియాటి కథ మళ్లీ మీ జనరల్ బాడీలో నడుస్తుంది.

ఇక రెండో దారి. నగానో తర్వాత రెండేళ్లకే, 2000లో, ఆస్ట్రేలియాలో గుడ్ స్పోర్ట్స్ అనే కార్యక్రమం మొదలైంది. చిన్న క్లబ్బుల కోసమే. వాళ్లు ఆటగాడి మూత్రం అడగలేదు, క్లబ్బు బార్ ఎలా నడుస్తోందో అడిగారు. కౌంటర్‌లో ఉన్నవాళ్లకు శిక్షణ ఉందా, మైనర్లకు పోస్తున్నారా, తాగి ఊగుతున్నవాడికి ఇంకో గ్లాసు ఇస్తున్నారా, తినడానికి ఏమైనా దొరుకుతుందా, రాత్రి బండి తోలకుండా ఇంటికెళ్లే ఏర్పాటు ఉందా, కొన్ని గంటలు ధర తగ్గించి తాగిస్తున్నారా. దశలవారీగా మెట్లు పెట్టి, ఒక్కో మెట్టు ఎక్కిన క్లబ్బుకు గుర్తింపు ఇచ్చారు. ఫుట్‌బాల్ క్లబ్బులను రెండు గుంపులుగా విడదీసి చేసిన ట్రయల్‌లో, ఇలాంటి ఏర్పాట్లు చేసుకోవడానికి సాయం అందిన క్లబ్బుల్లో ప్రమాదకరంగా తాగేవాళ్లు తక్కువగా తేలారు.

దీనికి పెద్దగా ఎవరూ చప్పట్లు కొట్టరు, ఎందుకంటే ఇక్కడ ప్రశ్న కుర్రాళ్ల మీద నుంచి కమిటీ మీదకు మళ్లుతుంది. బార్ మీద వచ్చే డబ్బుతో గ్రౌండ్ ఖర్చులు గడుస్తుంటే ఆ సంగతి ఎవరు ఎత్తుతారు? టెస్టుల పేజీలు గంటలో పాసవుతాయి. అదే డ్రాఫ్ట్‌లో "బెస్ట్ ప్లేయర్‌కు మందు సీసా బహుమతిగా ఇవ్వరాదు" అనో, "జెర్సీ మీద మద్యం కంపెనీ పేరు ఉండరాదు" అనో ఒక్క లైను చేర్చి చూడండి, గొంతులు లేచేది అప్పుడే.