మామ వాళ్ల ఇంటి కింద గుంత

నల్లగొండ, ఆదివారం

చిన్నోడికి, చిట్టితల్లికి తాత ఆశీస్సులు.

మొన్న మీరు అడిగినది ఫోన్‌లో తేలేది కాదు, అందుకే ఉత్తరం రాస్తున్నా. పాలమూరులో వాన దంచికొట్టిన రాత్రి మీ సెల్లార్‌లోకి నీళ్లొచ్చాయి, అప్పుడే కరెంటు పోయింది, మోటరు ఆగింది, మీ నాన్న బండి సైలెన్సర్ దాకా మునిగింది. "అమెరికాలో మామ వాళ్లింట్లో కరెంటు లేకుండా నీళ్లతోనే నడిచే మోటరు ఉందట కదా తాతా, మనమూ పెట్టుకుందాం" అన్నారు. నిరుడు అక్కడ దాన్ని బిగించేటప్పుడు ప్లంబర్ పక్కన నేనూ ఉన్నా. ముప్పై ఏళ్లు మోటర్లు విప్పిన చేతులు ఊరుకుంటాయా!

మనకు సంపు అంటే నల్లా నీళ్లు పట్టుకునే తొట్టి. అక్కడ అదే మాటకు అర్థం వేరు. ఇంటి కింది గది నేలలో ఓ మూల రెండడుగుల లోతు గుంత తవ్వి ఉంటుంది. పునాది చుట్టూ ఊరిన నీళ్లు గొట్టాల గుండా దాంట్లోకి చేరతాయి. కరెంటు మోటరు వాటిని బయటికి తోస్తుంది. గాలివానకు కరెంటు పోయేదీ, గుంత నిండేదీ ఒకే రాత్రి. అందుకే కరెంటు అక్కర్లేని ఆ రెండో మోటరు.

దాన్ని మోటరు అంటున్నాం గాని అందులో తిరిగే రెక్క లేదు, చుట్టిన తీగ లేదు. మొదట చూసినప్పుడు నాకే నమ్మబుద్ధి కాలేదు. వీధి నల్లా నీళ్లు జోరుగా వచ్చి ఒక సన్నని మూతిలోంచి దూసుకుపోతాయి. ఇరుకులో నీళ్ల వేగం పెరిగితే అక్కడ ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు గుంతలోని నీళ్లు పైకి ఎగబాకి ఆ జోరులో కలిసి బయటికి పోతాయి. ఇరుకైన గొట్టాల్లో ఇలా జరుగుతుందని ఇటలీకి చెందిన వెంచురి 1797లోనే రాశాడు. మీరూ చూడొచ్చు. గ్లాసు నీళ్లలో ఒక స్ట్రా నిలబెట్టి, దాని కొన మీదుగా అడ్డంగా ఇంకో స్ట్రాతో గట్టిగా ఊదండి. నీళ్లు పైకొచ్చి తుంపర్లుగా ఎగిరిపడతాయి. అమ్మ తిడితే తాత చెప్పాడనండి. మన పాత జెట్ మోటర్ల కిటుకు కూడా ఇదే. బోరులోకి రెండు పైపులు దిగేవి, ఒకటి నీళ్లను కిందికి కొట్టేది, రెండోది ఎక్కువ నీళ్లు పట్టుకుని పైకి వచ్చేది.

కరెంటు లేదు సరే, మరి బలం ఎవరిది? వీధి నల్లాది. మామ ఇంటి ముందు కొళాయికి గేజి పెట్టి చూస్తే 60 చూపించింది, టైర్లో గాలి కొలిచే లెక్కలోనే. అంటే 42 మీటర్ల ఎత్తున ట్యాంకు ఉన్నంత జోరు. నలభై కన్నా తగ్గితే ఇది సరిగ్గా లాగదు. సొంత బోరు మీద బతికే ఇళ్లకు పనికిరాదు, కరెంటు పోతే వాళ్ల నల్లాయే ఆగిపోతుంది.

బిగించేటప్పుడు నల్లా పైపును ముప్పావు అంగుళానికి తగ్గనివ్వలేదు, సన్నబడితే జోరు చస్తుంది. దీని ఫ్లోటును, అంటే నీళ్లతో పాటు పైకి తేలి దీన్ని నడిపించే బుడ్డిని, కరెంటు మోటరు ఫ్లోటు కన్నా పైన పెట్టాం, అది చేతులెత్తేశాకే ఇది లేవాలి. బయటికి పోయే పైపు దీనికి వేరే వేశాం.

ఎక్కువసేపు పట్టింది ఒక వాల్వు దగ్గర. నీళ్లను వెనక్కి రానివ్వని మన ఎన్‌ఆర్‌వీ లాంటిదే గాని ఇంకా గట్టిది. లోపల రెండు తలుపులు, అవి సరిగ్గా మూసుకోకపోతే నీళ్లు మధ్యలోంచి బయటికి కారిపోయే దారి. ఎందుకంటే, వీధిలో ఫైరింజను నీళ్లు లాగితే పైపులో జోరు పడిపోయి గుంతలోని మురుగు తాగే నీళ్లలోకి వెనక్కి పీల్చుకుపోతుంది. నల్లా ఆగిన గంటల్లో పగిలిన పైపులోకి మోరీ నీళ్లు దూరడం మనం చూడలేదా, అదే రోగం. అక్కడ చాలా ఊళ్లలో ఆ వాల్వును లైసెన్సున్న ప్లంబరే పెట్టాలి, ఏటా పరీక్ష చేయించాలి.

మామకు చెప్పి వచ్చిందేమిటంటే, మూడు నెలలకోసారి కరెంటు మోటరు ప్లగ్గు తీసి, గుంతలో బకెట్లతో నీళ్లు పోసి ఫ్లోటు లేచేదాకా చూడమని. జాలిలో చెత్త తీయాలి. సన్నని మూతికి సున్నం పట్టిందేమో చూడాలి. బయటి పైపు మూతిలో చలికాలం మంచు గడ్డకడుతుంది, దాన్నీ చూసుకోవాలి. ఊరికే ఉన్నప్పుడు "సుయ్" మని చప్పుడొస్తే వాల్వు కారుతున్నట్టు, బిల్లు చూస్తే గుండె ఆగుతుంది.

నా మనసు ఒప్పని సంగతి ఒకటుంది. రెండు లీటర్ల మురుగు బయటికి పోవాలంటే ఇంచుమించు ఒక లీటరు మంచినీళ్లు దాంతో పోతాయి. మర్రిగూడ వైపు ఫ్లోరైడు నీళ్లకు నడుం వంగిన మనుషుల్ని చూస్తూ పెరిగిన వాణ్ణి, అది పారుతుంటే చూడలేక పైకొచ్చేశాను. మామ నవ్వాడు.

ఇక మీ ఇంటి లెక్క. మీ నల్లా వచ్చేదే రోజు మార్చి రోజు. డాబా మీది ట్యాంకు పదిహేను మీటర్ల ఎత్తుంటుందనుకున్నా ఆ గేజిలో ఇరవై ఒకటి చూపిస్తే గొప్ప. జోరు సరిపోయిందనే అనుకుందాం, 5000 లీటర్ల ట్యాంకంతా ఖాళీ చేస్తే పోయేది 10,000 లీటర్లు. సెల్లార్ 50 అడుగులు, 40 అడుగులు అనుకుంటే, అరడుగు నీళ్లంటే 28,000 లీటర్లు. తెల్లారి తాగడానికీ నీళ్లుండవు, సెల్లారూ ఆరదు.

కాబట్టి సెల్లార్‌లోకి దిగే ర్యాంపు మొదట్లో రోడ్డు నీళ్లు రాకుండా గట్టు ఎత్తించమని నాన్నకు చెప్పండి. స్టార్టర్ బోర్డు కింద గోడకు కాకుండా పైన మెట్ల దగ్గరికి మార్చాలి. అర హెచ్‌పీ మోటరు ఒకదాన్ని ఇన్వర్టర్ మీద పెట్టొచ్చు, కానీ మొదలయ్యేటప్పుడు మోటరు మామూలు కన్నా ఎన్నో రెట్ల కరెంటు గుంజుతుంది, ఇంట్లో ఫ్యాన్ల ఇన్వర్టర్ చాలదు. మెయిన్ తీయకుండా నీళ్లున్న సెల్లార్‌లోకి ఎవరూ దిగొద్దు, బండి మునిగినా సరే.

సెల్లార్ నేల నుంచి ట్యాంకు అడుగు దాకా మెట్లు లెక్కపెట్టి రాయండి, ఒక్కోటి ఆరంగుళాలు వేసుకుంటే చాలు. నా పదిహేను మీటర్లు తప్పయితే సరిచేస్తా.

మీ తాత