స్ఫటికంలో ఖాళీలు, రేణువుల మధ్య హద్దులు

కరెంటు స్తంభాల మీద తీగలను మోసే పింగాణీ గిన్నెలు విద్యుత్తును దాటనివ్వవు కనుక, సిరామిక్ పదార్థాలన్నీ నిరోధకాలే అనుకోవడం సహజం. కానీ 19వ శతాబ్దం చివరిలో జర్మన్ శాస్త్రవేత్త వాల్తేర్ నెర్న్‌స్ట్ జిర్కోనియాలో (జిర్కోనియం ఆక్సైడు అనే సిరామిక్) ఇట్రియం ఆక్సైడు కలిపి చేసిన కడ్డీని ముందుగా వేడి చేసి, దాని గుండా విద్యుత్తు పంపి, దీపంగా వెలిగించాడు. అందులో ముఖ్యంగా కదిలినవి ఎలక్ట్రాన్లు కావు, ఆక్సిజన్ అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న ఆక్సిజన్ పరమాణువులు.

గట్టి స్ఫటికంలో అయాను ఎలా కదులుతుంది? జిర్కోనియం అయానుకు 4 ధనావేశాలు, ఇట్రియం అయానుకు 3. రెండు జిర్కోనియం అయాన్ల చోట రెండు ఇట్రియం అయాన్లు కూర్చుంటే రెండు ధనావేశాలు తగ్గుతాయి. ఆ లెక్క సరిపోయేందుకు ఒక ఆక్సిజన్ స్థానం ఖాళీ అవుతుంది. పక్కనున్న అయాను ఆ ఖాళీలోకి దూకితే దాని పాత చోటు ఖాళీ అవుతుంది, అందులోకి మరొకటి వస్తుంది. లోపమని మనం పేరు పెట్టినదే ఇక్కడ దారి. అలాగని ఇట్రియం ఎంత కలిపితే అంత మంచిదని కాదు. ఇట్రియం ఆక్సైడు సుమారు 8 మోల్ శాతం (బరువును బట్టి కాక కణాల సంఖ్యను బట్టి లెక్కించే శాతం) దాటాక ఖాళీలు ఇట్రియం చుట్టూ చిక్కుకుని వాహకత తగ్గుతుంది.

సిరామిక్ దిమ్మె ఒకే స్ఫటికం కాదు, ఒకదానికొకటి అతుక్కున్న చిన్న స్ఫటిక రేణువుల సముదాయం. ఆ రేణువులు నానోమీటర్ల (మీటరులో వంద కోట్లవ వంతు) స్థాయికి చిన్నవైతే కథ మారుతుంది. 10 నానోమీటర్ల ఘనాకార రేణువుకు అర నానోమీటరు మందపు పొర చుట్టూ ఉందనుకుందాం: రేణువు ఘనపరిమాణంలో 27 శాతం ఆ పొరదే. అదే రేణువు 10 మైక్రోమీటర్లదైతే పొర వాటా 0.03 శాతమే. అంటే నానో పదార్థంలో హద్దును అంచుగా చూడలేం, అది పదార్థంలో పెద్ద భాగమే.

సీరియం ఆక్సైడు అనే మరో సిరామిక్‌లో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. ఋణావేశమున్న ఆక్సిజన్ అయాను లేని చోటు ధనావేశంలా పనిచేస్తుంది. ఆక్సిజన్ ఖాళీలు రేణువుల హద్దులోనే తక్కువ శక్తితో స్థిరపడతాయి కనుక అక్కడ ధనావేశం పోగవుతుంది. అది హద్దు పక్కనున్న ఖాళీలను దూరంగా నెట్టి, ఎలక్ట్రాన్లను దగ్గరికి లాక్కుంటుంది. ఈ ప్రభావం హద్దుకు ఇరువైపులా కొన్ని నానోమీటర్ల వరకు ఉంటుంది. కాబట్టి రేణువు 10 నానోమీటర్లే అయితే దాని లోపలి భాగం దాదాపు అంతా హద్దుల అదుపులోకి వస్తుంది: అయాన్ల వాహకత పడిపోయి, ఎలక్ట్రాన్ల వాహకత ఎన్నో రెట్లు పెరుగుతుంది.

అందుకే చిన్న రేణువులు ఎప్పుడూ మేలనడం నాకు సరికాదనిపిస్తుంది. ఇంధనం, ఆక్సిజన్‌ల చర్య నుంచి విద్యుత్తు ఇచ్చే ఇంధన ఘటంలో (ఫ్యూయల్ సెల్) అయాన్లను మాత్రమే దాటనివ్వాల్సిన పొరలో ఎలక్ట్రాన్లు కూడా జారిపోతే ఘటం వోల్టేజీ తగ్గుతుంది. అయాన్లూ ఎలక్ట్రాన్లూ రెండూ కావలసిన ఎలక్ట్రోడులో మాత్రం అదే గుణం పనికొస్తుంది. ఇక్కడ అసలు చిక్కు వేడి. పొడిని గట్టి దిమ్మెగా మార్చడానికి కాల్చేటప్పుడు చిన్న రేణువులు పక్కవాటితో కలిసి పెరుగుతాయి, వాటితోపాటు ఆ హద్దులూ తగ్గిపోతాయి.