హైడన్ సింఫనీలు, ఆంటాల్ దొరాతి: నాకు పదేపదే ఎదురయ్యే అపోహలు

సికింద్రాబాద్‌లో వెస్టర్న్ వయొలిన్ నేర్పుతాను. పిల్లలకన్నా పెద్దయ్యాక నేర్చుకోవడానికి వచ్చినవాళ్లే ఎక్కువ ప్రశ్నలు వేస్తారు. వాటిలో ఒకటి మాత్రం మనిషి మారినా మారదు. పద్దెనిమిదో శతాబ్దపు ఆస్ట్రియా స్వరకర్త హైడన్ రాసిన సింఫనీలు (ఆర్కెస్ట్రా కోసం కొన్ని భాగాలుగా, అంటే మూవ్‌మెంట్లుగా, రాసే పెద్ద కృతులు), వాటిని రికార్డు చేసిన కండక్టర్ ఆంటాల్ దొరాతి గురించే అది. "సార్, హైడన్‌కి దొరాతి రికార్డింగులు వినమన్నారు. ఆయన పేరు ఏ గొప్పవాళ్ల జాబితాలోనూ కనబడలేదు. అన్నీ వరసపెట్టి రికార్డు చేసేశాడట. కాస్త పెద్ద పేరున్న కండక్టర్ని చెప్పండి."

అపోహ: 104 సింఫనీలూ రికార్డు చేసినవాడు ఏ ఒక్కటీ శ్రద్ధగా చేసి ఉండడు.

నష్టమంతా ఈ అపోహతోనే. పెద్ద పేర్ల వెంట వెళ్లినవాళ్లు కారయన్ దగ్గరో బెర్న్‌స్టైన్ దగ్గరో ఆగుతారు. వాళ్ల హైడన్ గొప్పదే, కాదనను. కానీ అందులో ఎక్కువ భాగం పారిస్ సింఫనీలు (82-87), లండన్ సింఫనీలు (93-104). అంతకు ముందున్న ఎనభై పైచిలుకు సింఫనీల్లో చాలావరకు అక్కడే ఆగినవాళ్ల చెవిన పడనే పడవు. "హైడన్‌వి అన్నీ ఒకేలా ఉంటాయండీ" అనేవాళ్లను ఏవేవి విన్నారని అడిగి చూడండి. రెండో మూడో చెబుతారు, అవీ చివరివే.

వాస్తవం ఏమిటంటే, దొరాతి ఈ పనిని 1969 నుంచి 1972 దాకా డెక్కా రికార్డుల కంపెనీకి చేశారు. ఆర్కెస్ట్రా పేరు ఫిల్హార్మోనియా హంగారికా. 1956లో సోవియట్ ట్యాంకులు హంగరీ తిరుగుబాటును అణచివేసినప్పుడు దేశం విడిచి వచ్చిన సంగీతకారులతో ఏర్పడిన బృందం అది. తర్వాత పశ్చిమ జర్మనీలోని మార్ల్ అనే ఊళ్లో స్థిరపడింది. దొరాతిది బుడాపెస్ట్, హంగరీ స్వరకర్త బార్టోక్ బోధించిన లిస్ట్ సంగీత అకాడమీలో చదువు. హైడన్ దాదాపు ముప్పై ఏళ్లు కొలువు చేసింది హంగరీ ప్రభువులైన ఎస్తర్హాజీల దగ్గరే. 45వ సింఫనీ (1772) చివర్లో వాద్యకారులు ఒక్కొక్కరే లేచి వెళ్లిపోతారు, ఇద్దరు వయొలినిస్టులు మాత్రమే మిగులుతారు. మమ్మల్ని ఇళ్లకు పంపండని ప్రభువుకు సంగీతంలోనే పెట్టుకున్న అర్జీ అది. దాన్ని సొంత దేశం వదిలి వచ్చినవాళ్ల ఆర్కెస్ట్రా వాయించింది. అది తెలిసి వినేవాళ్లెవరికైనా ఇది హడావిడి పని అనిపిస్తుందా?

శ్రద్ధ లేదనేవాళ్లకు ఇంకో మాట. దొరాతి బృందం వాడింది హైడన్ పరిశోధకుడు రాబిన్స్ లాండన్ పరిష్కరించిన స్కోర్లు (స్వరప్రతులు). అంతకు ముందు ఈ సింఫనీల్లో చాలావాటికి నమ్మదగ్గ ప్రతులే అందుబాటులో లేవు. 53వ సింఫనీ ఫినాలేకి (చివరి మూవ్‌మెంట్‌కి) ఉన్న వేరే రూపాలను కూడా వదలకుండా రికార్డు చేశారు. తొందరపడేవాడు ఆ పని ఎందుకు చేస్తాడు?

మరి పేరు ఎందుకు రాలేదు? మినియాపొలిస్ ఆర్కెస్ట్రాతో మెర్క్యురీ కంపెనీకి ఆయన చేసిన చైకోవ్‌స్కీ 1812 ఓవర్చర్ అనే ఆర్కెస్ట్రా కృతి విపరీతంగా అమ్ముడుపోయింది. అందులో నిజం ఫిరంగి మోత ఉంది. దాంతో ఆయన మీద 'ఫిరంగుల కండక్టర్' అన్న ముద్ర పడిపోయింది. హైడన్ ఒపెరాలు ఎనిమిది రికార్డు చేసిన మనిషి కూడా ఆయనే. ఆ సంగతి ఎవరూ ఎత్తరు.

ఆ మధ్య నా స్టూడెంట్ ఒకమ్మాయి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రాత్రి పదింటికి మెసేజ్ పెట్టింది. "సార్, 60వ సింఫనీ ఫైల్ పాడైనట్టుంది. చివరి మూవ్‌మెంట్ మొదలవగానే ఆగిపోయి వయొలిన్లు శ్రుతి చేసుకుంటున్నాయి." ఫైల్ పాడవలేదమ్మా, హైడనే అలా రాశాడు అన్నాను. పరధ్యానపు మనిషి మీద వచ్చిన ఒక హాస్య నాటకానికి 1774లో కట్టిన సంగీతం అది. వయొలిన్ల నాలుగో తీగ ఎఫ్‌లో ఉంటుంది, అందరి ముందూ దాన్ని జీకి ఎక్కించుకోవాలి. మర్నాడు క్లాసుకి వచ్చి, తన వయొలిన్ మీద అదే చేసి చూపించింది. చివరి పన్నెండు సింఫనీల దగ్గరే ఆగిపోయి ఉంటే ఆ పిల్లకి ఈ ఆనందం దక్కేది కాదు.

మిగతావి చకచకా చెప్పేస్తాను.

పూర్తి సెట్ తెచ్చినవారిలో దొరాతే మొదటివారు అంటారు. కాదు. ఎర్నస్ట్ మెర్ట్‌సెన్‌డోర్ఫర్ వియన్నా ఛాంబర్ ఆర్కెస్ట్రాతో కాస్త ముందే పూర్తి చేశారు. అది ఎక్కువమందికి చేరలేదు, అంతే.

దొరాతి వాయింపించే మినియెట్లు (సింఫనీలో నాట్యపు నడకలో సాగే మూవ్‌మెంట్లు) బరువుగా నడుస్తాయి అంటారు. ఇది అపోహ కాదు, చాలాచోట్ల నిజమే. చురుకైనవి కావాలంటే కండక్టర్ ఆడమ్ ఫిషర్ సెట్ వినండి. కానీ 49వ సింఫనీ మొదట్లో వచ్చే అడాజియోకి (నెమ్మది మూవ్‌మెంట్‌కి) అదే బరువు ప్రాణం పోసింది.

94వ సింఫనీలో మెల్లగా సాగుతున్న సంగీతం మధ్య హఠాత్తుగా ఆర్కెస్ట్రా అంతా కొట్టే ఢామ్మనే దెబ్బ నిద్రపోయేవాళ్లను లేపడానికట! ఈ పుకారు ఎన్నిసార్లు ఖండించినా చావదు. అందుకోసం కాదని, కొత్తదనంతో ఆకట్టుకోవడానికేనని హైడన్ స్వయంగా తన జీవితచరిత్ర రాసిన గ్రీసింగర్‌కి చెప్పాడు.

'ఒరిజినల్ ఎవరిది సార్?' ఇది సినిమా పాటల అలవాటు. త్యాగరాజ కృతికి ఒరిజినల్ గాయకుడెవరని అడుగుతామా? ఇక్కడా అంతే.

ఆఖరుది, థియరీ రాకుండా సింఫనీలు వినకూడదన్న భయం. పిల్లవాణ్ణి క్లాసులో దింపడానికి వచ్చే ఒక తల్లి చాలా మొహమాటపడుతూ అడిగారు, "నాకేమీ తెలీదండీ, నేను వినొచ్చా?" అని. అమ్మా, తప్పకుండా వినండి. ఎస్తర్హాజీ కొలువులో విన్నవాళ్లంతా థియరీ చదివినవాళ్లు కాదు. ఇయర్‌ఫోన్స్ చాలు. దొరాతి సెట్ పెట్టెలో 33 సీడీలున్నాయని కంగారుపడొద్దు, వరసగా వినక్కర్లేదు. 31వ సింఫనీతో మొదలుపెట్టండి, మొదటి క్షణంలోనే నాలుగు హార్న్‌లు కలిసి పలుకుతాయి. తర్వాత 22, అందులో మ్యూట్ (ధ్వనిని మృదువు చేసే పరికరం) పెట్టిన వయొలిన్లు నెమ్మదిగా నడుస్తుంటే హార్న్‌లు, కోర్ ఆంగ్లేలు (ఒబో కుటుంబపు ఊదే వాద్యాలు) మాట్లాడుకుంటాయి. ఆ పైన 6, 49, 60. తెల్లవారుజామున వినే అలవాటుంటే మాత్రం 6తోనే మొదలుపెట్టండి, దాని ఆరంభం సూర్యోదయమే.